తీగరహిత మేలుకొలుపు

గోగులమెరక వేణుగోపాలస్వామిని రోజూ నిద్ర లేపే బాధ్యత తీగల భావనారాయణది. కాగితాల మీద ఈ మాట ఎక్కడా ఉండదు. కాగితాల మీద ఆయన దేవస్థానంలో జూనియర్ అసిస్టెంటు. కానీ తెల్లవారుజామునే వచ్చి ఆఫీసు తలుపు తీసేదీ, కంప్యూటరు వేసేదీ, మేలుకొలుపు పాట పెట్టేదీ ఆయనే. గాలిగోపురం మీదున్న పాత బాకా మైకు ఒకసారి గొంతు సవరించుకుని, "పాలకడవలు నిండె, పశులమందలు కదలె, మేలుకోవయ్యా వేణుగోపాలా" అని అందుకునేది. ఊరు ఊరంతా ఆ పాటకే పొయ్యి వెలిగించుకునేది.

పాట సాగుతుండగా అర్చకులు కేశవాచార్యులు గారు గర్భగుడి తలుపులు తీసేవారు. గోశాల నుంచి ఆవునూ దూడనూ తెచ్చి గుమ్మం ఎదుట నిలబెట్టేవారు. హారతి వెలుగులో స్వామి ముఖం మెల్లగా బయటపడేది. ఆ సమయంలో అక్కడ ఆచార్యులు గారు, భావనారాయణ, ఆ ఆవూ దూడా తప్ప ఇంకెవరూ ఉండేవారు కారు. ఆ నాలుగు నిమిషాల కోసమే తనకీ ఉద్యోగం వచ్చిందని భావనారాయణ నమ్మకం. సత్రం గదుల తాళాలు చూసుకుంటూ, కల్యాణమండపం కుర్చీలు అప్పజెప్పుకుంటూ ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి ఈ గుడికి బదిలీ వేయించుకున్నాడు. పైమెట్టు ఉద్యోగం ఇస్తామన్నా, ఊరు మారాలనే సరికి, "వద్దులెండి" అనేశాడు.

అలాంటి మనిషి మీదికి శ్రావణమాసంలో ఒక ఉత్తర్వు వచ్చి పడింది.

ఆలయాల ఆధునికీకరణ మండలి అని నగరంలో ఒకటుంది. ఆ మండలి వారికి వైర్లు లేని గుడి ఎంత అందంగా ఉంటుందో అని ఎవరో ఒక సభలో బొమ్మలు వేసి చూపించారట. మర్నాటికల్లా ఉత్తర్వు తయారైంది. "మండలి పరిధిలోని సమస్త ఆలయములయందును వ్రేలాడుచున్న, ప్రాకుచున్న, బిగించియున్న తీగలన్నింటినీ తొలగించి, సదరు ఆలయములను తీగరహిత ఆలయములుగా తీర్చిదిద్దవలెను. తొలగించిన తీగలను మండలి గిడ్డంగికి చేర్చవలెను." ఆంగ్లంలో ఏం రాసుకున్నారో తెలియదు. తెలుగులో మాత్రం ఇలా వచ్చింది.

గోగులమెరక దేవస్థానం కార్యనిర్వహణాధికారి, అందరి నోటా ఈవో గారు అయిన వీరరాఘవప్రసాదు గారు ఆ ఉత్తర్వును కళ్ళకద్దుకున్నారు. ఆయన పై నుంచి వచ్చిన ప్రతి కాగితాన్నీ కళ్ళకద్దుకుంటారు. తీర్థం మాత్రం ఎప్పుడైనా మరిచిపోతారు. సిబ్బందినంతా మండపంలో కూర్చోబెట్టి ఉపన్యాసమిచ్చారు.

"మన స్వామి చేతిలో ఏమున్నది? వేణువు. వేణువుకి తీగ ఉన్నదా? లేదు. ఆ వేణువు ఊదితే మందలు మందలుగా ఆవులు వచ్చాయా లేదా? వచ్చాయి. కాబట్టి ఈ పథకానికి ఆద్యుడు మన స్వామివారేనని నేను సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. భావనారాయణ కూడా కొట్టాడు. ఆ మాట ఆయనకు నిజంగానే నచ్చింది.

గోపురం మీది బాకా మైకును దింపేశారు. దాని వైరును చుట్టచుట్టి గిడ్డంగికి పంపారు. దాని స్థానంలో మండపం స్తంభానికి గుమ్మడికాయంత నల్లటి స్పీకరొకటి వచ్చింది. దానికి వైరు లేదు. ఆఫీసు గదిలోని కంప్యూటరు గాలిలోనే దానికి పాట అందిస్తుందన్నారు. తెచ్చిన కుర్రవాడు గుడి ఎదుట టీ కొట్టు సూరిబాబు ఫోనుతో ఒకసారి వాయించి చూపించి, "ఇంక చూసుకోనక్కర్లేదండీ" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున భావనారాయణ పాట పెట్టాడు. మండపంలో నుంచి ఎవరో ఆడగొంతు గంభీరంగా, "డివైస్ కనెక్టెడ్" అంది. గుడి ముందు వీధిలో పోతున్న ఒక ముసలావిడ ఆగి, అశరీరవాణి అనుకుని లెంపలు వేసుకుంది. తరవాత "పాలకడవలు ని" అని వినిపించింది. తరవాత ఏమీ వినిపించలేదు. కాసేపటికి "పాలా" అంది. మళ్ళీ నిశ్శబ్దం. అంతలోనే స్పీకరు పూర్తి గొంతుతో, "ఒరే బావా, ఆదివారం నాటుకోడి నువ్వు తెస్తావా నన్ను తెమ్మంటావా?" అని అడిగింది.

గర్భగుడి తలుపు తీయబోతున్న కేశవాచార్యులు గారు తాళంచెవి పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

భావనారాయణ టీ కొట్టుకు పరిగెత్తాడు. సూరిబాబు ఫోను చెవి దగ్గర పెట్టుకుని "హలో, హలో, వినపడతందా?" అంటున్నాడు.

"ఊరందరికీ వినపడతంది, ముందా ఫోను ఆపరా నాయనా!"

"నేనేం చేశానండీ! నా ఫోను కనపడితే చాలు, అదే వచ్చి అతుక్కుంటంది!"

ఆ ఉదయమే వీరరాఘవప్రసాదు గారు భావనారాయణను పిలిపించారు. "చూడవయ్యా. స్వామివారి మేలుకొలుపు అవాంతరాలు లేకుండా సాగవలసిన బాధ్యత నీది. ప్రత్యేక తనిఖీ అధికారి గారు త్వరలో దయచేయనున్నారు. ఆ రోజు స్పీకరు పలికితే సరి. పలకకపోతే, నిన్ను వేరే చోట వినియోగించుకోవలసి వస్తుంది. తరవాత నన్ననుకుని ప్రయోజనం లేదు."

వేరే చోట అంటే, తెల్లవారుజామున ఆ హారతి వెలుగు ఉండని చోటు.

అప్పటి నుంచి ఆయన స్పీకరు సేవలో పడ్డాడు. స్పీకరు కంపెనీ వాళ్ళ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఎవరో మర్యాదస్తుడైన కుర్రవాడు పలికాడు. ఈవో గారు కూడా వినాలని ఫోను బల్ల మీద పెట్టించారు.

"పాత జతని తీసేసి, మళ్ళీ కొత్తగా జత కలపండి సార్."

"కలిపానయ్యా. జత కుదిరిందంటంది, పలకటంలా."

"కంప్యూటర్లో శబ్దం ఎటు పోతుందో చూశారా సార్? కొన్నిసార్లు స్పీకరుకి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంటుంది."

"చూశాను. స్పీకరుకే పెట్టాను. టీ కొట్టాయన ఫోనులో కూడా దీని పేరు తీసేయించాను. అయినా ముక్కలు ముక్కలుగా వస్తంది."

"రెండింటికీ మధ్యలో గోడ ఏమైనా ఉందా సార్?"

"ఉంది."

"ఎంత మందం సార్?"

భావనారాయణ ఈవో గారి వంక చూశాడు. ఈవో గారు గొంతు సవరించుకుని, "చోళుల కాలం నాటి మందం" అన్నారు.

"అదే సార్ ప్రాబ్లమ్. అది అడ్డం తీసేస్తే క్లియర్‌గా వస్తుంది."

"అది ప్రాకారం గోడయ్యా!"

"పోనీ కొంచెం పక్కకి జరపటానికి వీలవుతుందేమో చూడండి సార్."

ఫోను పెట్టేశాక ఈవో గారు చాలాసేపు ఆలోచించారు. భావనారాయణ కంగారుపడ్డాడు. ఆయన గోడ గురించి ఆలోచిస్తున్నారేమోనని. కానీ ఆయనకు వేరే సంగతి తట్టింది. "గోడ జరగదు. కంప్యూటరు జరుగుతుంది."

అలా కంప్యూటరును ఆఫీసు గదిలోంచి మండపంలోకి, స్పీకరున్న స్తంభం పక్కకే తెచ్చారు. స్పీకరుకు ఇప్పుడు కంప్యూటరు మూరెడు దూరంలో ఉంది. ఒక మూరెడు వైరుంటే రెండింటికీ పెళ్ళి చేసేయవచ్చు. ఆ మాట భావనారాయణ నోటిదాకా వచ్చింది. ఈవో గారి ముఖం చూసి మింగేశాడు.

అయితే కంప్యూటరుకు కరెంటు కావాలి. కరెంటు గాలిలో రాదు. ఆఫీసు గదిలో ఉన్నన్నాళ్ళూ ఆ వైరు ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు మండపం మధ్యగా పాములా పడి ఉంది. ఈవో గారు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, ఆ వైరు పొడుగునా బంతిపూలు దట్టంగా కట్టించారు. "ఇప్పుడిదేమిటి?" అని అడిగారు.

"వైరండీ."

"కాదు. దండ."

ఇంకా ఒక చిక్కు మిగిలింది. కాసేపు పాట లేకపోతే స్పీకరు నిద్రపోతుంది. పాట మొదలయ్యాక లేస్తుంది. లేచేసరికి మొదటి చరణం అయిపోతుంది. అది దాని స్వభావమేననీ, కరెంటు పొదుపు కోసం అలా చేశామనీ సహాయ కేంద్రం కుర్రవాడు సంతోషంగా చెప్పాడు. స్వామిని లేపవలసిన స్పీకరును ముందుగా ఎవరు లేపాలన్నది ఈవో గారి ముందుకు వచ్చిన సమస్య. ఆయన వెంటనే మేలుకొలుపుకు ముందు స్పీకరు మేలుకొలుపు అని ఒక సేవ ఏర్పాటు చేశారు. భావనారాయణ ఇంకాస్త పెందలాడే వచ్చి, కంప్యూటర్లో గంటల చప్పుడు పెట్టి స్పీకరును లేపేవాడు. అది "కనెక్టెడ్" అని ఒళ్ళు విరుచుకున్నాక పాట పెట్టేవాడు. ఒక్కో రోజు లేచేది. ఒక్కో రోజు లేచి, సగంలో మళ్ళీ పడుకునేది. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు.

"స్వామి మాత్రం టంచనుగా లేస్తున్నాడులే నాయనా" అని కేశవాచార్యులు గారు ఓదార్చేవారు. "దాని గోలకి."

ఇంతలో తనిఖీ అధికారి హైమావతి గారు ఫలానా రోజున దయచేస్తున్నారని కబురు వచ్చింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చింది. వ్రేలాడుచున్నవి, ప్రాకుచున్నవి, బిగించియున్నవి, ఏ రకం తీగలైనా సరే, మీ ఆలయంలో ఇంకా ఎన్ని మిగిలి ఉన్నాయి?

వీరరాఘవప్రసాదు గారు ఆ ప్రశ్న మీద వేలు పెట్టి చదివారు. "ప్రాకుచున్నవి" దగ్గర ఆయన వేలు ఆగిపోయింది.

"భావనారాయణా, కరెంటు వైరు పాకుతుందా?"

"పాకదండీ. పరిస్తే పడుంటుంది."

"మరి పాకేదేమిటి?"

ఇద్దరూ ఒకేసారి కిటికీలోంచి బయటికి చూశారు. పూలతోటలో పందిరి మీద సన్నజాజి తీగ తన మానాన తాను పాకుతోంది.

"అయ్యగారూ, అది మొక్కండీ. వాళ్ళన్నది వైర్లు."

"వైర్లు అని ఎక్కడున్నది? చూపించు. తీగలు అనియున్నది. ఏ రకం తీగలైనా అనియున్నది. మండలి వారికి తెలుగు రాదంటావా?"

సాయంత్రానికి సన్నజాజిని మొదలంటా నరికేశారు. కేశవాచార్యులు గారు పూలతోటలోకి వచ్చారు. నేల మీద రాలిన మొగ్గలన్నీ ఉత్తరీయంలోకి ఏరుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రాత్రి పూజకు అవే. మర్నాటి నుంచి ఊళ్ళో కొన్న పూలు వచ్చాయి.

శుక్రవారం వీణ టీచరు శేషుబాయి గారు స్వామి సన్నిధిలో వాయించడానికి వచ్చారు. గుమ్మం దగ్గరే ఈవో గారు చేతులు జోడించి నిలబడ్డారు.

"వీణకి అభ్యంతరం లేదమ్మా. వీణ తీసుకురావచ్చు. సదరు వీణకు బిగించియున్న తీగలు మాత్రం బయట పెట్టి రావాలి."

శేషుబాయి గారు ఆయన్ని ఎగాదిగా చూశారు. "తీగలు తీసేస్తే ఇంక మిగిలేది పనసచెక్క కదండీ ప్రసాదు గారూ."

"పవిత్రమైన కొయ్యేనమ్మా."

ఆవిడకూ పంతం వచ్చింది. తీగలు విప్పి ఆయన చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి కూర్చుని గంటసేపు ఉత్త కొయ్య మీద వేళ్ళు ఆడించారు. భక్తులు ఇద్దరు ముగ్గురు తల ఊపారు కూడా. ఈవో గారు, "ఇంత ప్రశాంతమైన కచేరీ మన గుడిలో ఎప్పుడూ జరగలేదు" అని మెచ్చుకున్నారు.

ఆ ఊపులో వంటశాల తనిఖీకి వెళ్ళారు. వంటస్వామి తిరుమలయ్య లడ్డుకు పాకం పడుతున్నాడు. గరిటె ఎత్తి చూసి, "ఇంకొంచెం రానివ్వండి, తీగపాకం రాలా" అన్నాడు మామూలుగా.

అనవలసిన మాట కాదు అది.

"ఏం పాకం?"

"తీగపాకమండీ. వేళ్ళ మధ్య తీగ సాగాల. అప్పుడే బూందీ ముద్దవుద్ది."

"సాగే తీగ. ఇది ఉత్తర్వులో లేని రకం. అయినా ఏ రకమైనా అన్నారు గనక వచ్చేస్తుంది. దించెయ్యి."

"దించితే లడ్డు నిలవదండీ బాబూ! ఎట్టా కట్టమంటారు?"

"కట్టవద్దు. కట్టడమే ఎందుకు? విడి లడ్డు అందాం."

మర్నాటి నుంచి భక్తులు విడి లడ్డును దోసిళ్ళలో పట్టుకుని, కారుతున్న పాకం మోచేతుల దాకా వస్తుంటే నాకుకుంటూ ప్రదక్షిణాలు చేశారు. చీమలు కూడా చేశాయి.

ఇవన్నీ చూస్తూ భావనారాయణ తలవంచుకుని పని చేసుకుపోతున్నాడు. పెద్దవాళ్ళకు ఏదో తెలిసే ఉంటుందని మొదట అనుకున్నాడు. సన్నజాజి నరికిన రోజున మాత్రం, తెలిసి చేస్తున్నారా స్వామీ అని ఒకసారి లోపలికి చూసి అడిగాడు. స్పీకరు పలికితే చాలు, తన చోటు తనకుంటుంది. అంతవరకే ఆలోచించాడు.

తనిఖీకి ముందురోజు ఈవో గారు ఆఫీసంతా తిరిగి చూసుకుంటున్నారు. భావనారాయణ బల్ల దగ్గరికి వచ్చి ఆగారు. బల్ల మీద చిన్న చెక్క పలక. దాని మీద తెల్ల అక్షరాలతో 'తీగల భావనారాయణ' అని ఉంది.

"ఇదేమిటి?"

"నా పేరండీ."

"పేరు సరేనయ్యా. దాని ముందున్నది?"

"ఇంటిపేరండీ."

"తీగల." ఈవో గారు పలకను చేతిలోకి తీసుకున్నారు. "ఒక తీగ కూడా కాదు. బహువచనం."

భావనారాయణ నవ్వాడు. ఈవో గారు నవ్వలేదు. అప్పుడు భావనారాయణ కూడా ఆపేశాడు.

"అయ్యగారూ, ఉత్తర్వులో వేలాడేవి, పాకేవి, బిగించినవి అన్నారండి. నేనేదీ కాదు గదండీ. కుర్చీలో కూర్చుంటాను."

"కూర్చునియున్నవి అనే మాట వాళ్ళకి తట్టలేదు. తట్టి ఉంటే రాసేవాళ్ళే. రేపు మేడం గారొచ్చి ఈ పలక చూస్తే నా గతేమిటి? ఆలయంలో తీగలు లేవని నేను సంతకం పెట్టి, ఆలయంలోనే తీగల ఉంటే?" ఆయన కాసేపు అటూ ఇటూ తిరిగారు. "నీకు రెండు మార్గాలు. ఒకటి, ఇంటిపేరు మార్పుకి అర్జీ పెట్టు. తీగల అనకుండా, అదే అర్థం వచ్చేలా లతల అను. మర్యాదగా ఉంటుంది. రెండోది, తొలగించిన తీగలన్నీ గిడ్డంగికి పోతున్నాయి. నువ్వూ అక్కడికే. వాటికి కాపలా కావలసే ఉంది."

ఆ సాయంత్రం భావనారాయణ ఇంటికి వెళ్ళి భార్య అలివేలుతో జరిగింది చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. వలిచేది ఆపి విన్నది.

"పెళ్ళినాడు చెరుకుపల్లి దాన్ని కాస్తా తీగల దాన్నయ్యాను. మళ్ళీ ఇప్పుడు పేరు మారాలా? ఈసారి పెళ్ళికొడుకెవరంట, మీ ఈవో గారా?"

"వేళాకోళం కాదే. లతల అనమంటున్నాడు."

"లతల అలివేలు! బాగానే ఉంది, సినిమాల్లో చేరొచ్చు." ఆవిడ నవ్వబోయి, భర్త ముఖం చూసి ఆగింది. "మీ మనసులో ఏముందండీ?"

భావనారాయణ ఆవిడ పక్కన కూర్చుని ఒక చిక్కుడుకాయ చేతిలోకి తీసుకున్నాడు. "మా నాయన తద్దినం నాడు తీగల వారింటికి రమ్మని పిలిస్తే ఆయనకి దారి తెలుసు. లతల వారింటికి ఎట్టా వస్తాడే? ఎవరిల్లో అనుకుని గుమ్మంలో నుంచే తిరిగి పోడూ?"

"అయితే గిడ్డంగికే పోతారా? పొద్దున్నే ఆ హారతి చూడకుండా ఉండగలరా మీరు?"

అలివేలు మళ్ళీ చిక్కుడుకాయలు తీసుకుంది. కాసేపటికి, "వలిచేశాను సరే గాని, ఇవి కూడా తీగ మీదియ్యే. మీ ఈవో గారితో అనకండి" అంది.

తనిఖీ రోజున భావనారాయణ చీకటితోనే వెళ్ళి ఈవో గారి ఎదుట నిలబడ్డాడు. "ఇంటిపేరు మార్చుకోలేనండీ. గిడ్డంగికే పోతాను. ఈ పూట మాత్రం మేలుకొలుపు పెట్టి పోనివ్వండి."

"పెట్టు. మేడం వెళ్ళగానే నీ రిలీవింగ్ ఆర్డరు. టైపు చేసి ఉంచాను." పేరు పలక తీసి సొరుగులో పడేశారు.

హైమావతి గారు వచ్చారు. పట్టుచీర, చేతిలో ఫోను, ఫోనులోంచి తల ఎత్తకుండానే దండ వేయించుకునే అలవాటు. గర్భగుడికి ఎదురుగా, స్పీకరుకు వీపు పెట్టి ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టారు. భావనారాయణ స్తంభం వెనక, కంప్యూటరు పక్కన నిలబడ్డాడు.

"వెల్. తీగలు ఇంకా ఎన్ని మిగిలున్నాయి?"

"ఒక్కటే మేడం. అది కూడా సాయంత్రానికి వెళ్ళిపోతుంది."

స్తంభం వెనక భావనారాయణ ఆ మాట విన్నాడు.

గంటల చప్పుడు పెట్టి స్పీకరును లేపాడు. "డివైస్ కనెక్టెడ్" అంది అది, ఎన్నడూ లేనంత హుషారుగా. పాట పెట్టాడు. "పాలకడవలు నిండె" అని ఒక్క వంకర లేకుండా వచ్చింది. ఈవో గారి భుజాలు కిందికి దిగాయి. కేశవాచార్యులు గారు గర్భగుడి తాళంలో చెవి పెట్టారు. ఆనవాయితీ ప్రకారం గోశాల నుంచి ఆవునూ దూడనూ తెచ్చి గుమ్మం ఎదుట నిలబెట్టారు.

ఆవు ఒకసారి స్వామి తలుపు వైపు చూసింది. ఒకసారి మేడం వైపు చూసింది. తరవాత తన కాళ్ళ దగ్గర మండపం పొడుగునా పరిచి ఉన్న తాజా బంతిపూలు చూసింది. తన కోసమే అనుకుని ఉంటుంది. వంగి నోటినిండా అందుకుని, తల ఎత్తి గట్టిగా లాగింది.

అవతల ప్లగ్గు ఊడింది. కంప్యూటరు గుడ్డిదయింది. "డిస్కనెక్టెడ్" అని స్పీకరు చెప్పి, ఇంక తన పని అయిపోయిందన్నట్టు ఊరుకుంది.

మండపంలో ఆవు నమిలే చప్పుడు తప్ప ఏమీ లేదు. మేడం ఫోనులోంచి ఇంకా తల ఎత్తలేదు, కానీ ఎత్తబోతున్నారు. లోపల గడియ తీసిన చప్పుడైంది. తలుపులు తెరుచుకుంటున్నాయి. స్వామి లేచే వేళ. లేపేవాళ్ళు లేరు.

భావనారాయణ ఏమీ ఆలోచించలేదు. ఎలాగూ పోతున్నవాడు. ఈ చోటున ఇదే చివరి పొద్దు. చేతులు జోడించి, పాట ఎక్కడ తెగిందో అక్కడి నుంచి అందుకున్నాడు.

"పశులమందలు కదలె, మేలుకోవయ్యా వేణుగోపాలా..."

ఆయన గొంతు గొప్పదేమీ కాదు. కొంచెం బొంగురు. కానీ ఏళ్ళ తరబడి రోజూ విన్న పాట. చరణం చరణం దానంతటదే వచ్చింది. ఆ రాతి మండపానికి గొంతు అందిస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. పాట స్తంభాల మధ్య తిరిగి, ప్రాకారం గోడకు తగిలి, వెనక్కి వచ్చింది. బయట టీ కొట్టు దగ్గర సూరిబాబు గ్లాసు కడగడం ఆపాడు. హారతి వెలిగింది. ఆ వెలుగులో స్వామి ముఖం కనిపించేసరికి భావనారాయణకు ఒకచోట గొంతు పూడుకుపోయింది. తేరుకుని పూర్తి చేశాడు.

పాట అయ్యాక హైమావతి గారు తల ఎత్తారు.

"ఎక్సలెంట్! ఇన్ని గుళ్ళు చూశాను. ఎక్కడా మధ్యలో తెగకుండా వినలేదు. ఏం క్లారిటీ! మధ్యలో ఒకచోట కొంచెం గరగరలాడింది, అది సరి చేయించండి. ఏ కంపెనీ స్పీకరిది?"

వీరరాఘవప్రసాదు గారు ఉలిక్కిపడ్డారు. స్తంభం వంక చూశారు. ఆ కంగారులో నిజం ఒక్కటే దొరికింది.

"తీగల, మేడం."

"తీగలా?"

"పేరు మేడం. పాతది. స్థానికంగా... ఇక్కడిదే."

"వైర్‌లెస్ స్పీకరుకి తీగల అని పేరా!" ఆవిడ నవ్వారు. ఈవో గారు కళ్ళు మూసుకున్నారు. "పోనివ్వండి, పేరులో ఏముంది, ప్రసాదు గారూ. పనితీరు చూడాలి. ఒకటి నోట్ చేసుకోండి. ఈ పరికరాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇక్కడి నుంచి కదిలించకూడదు. నేనే స్వయంగా రికమెండ్ చేస్తున్నాను."

గర్భగుడిలో కేశవాచార్యులు గారు తీర్థం గిన్నె అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకున్నారు.

మేడం కారు మలుపు తిరిగాక ఈవో గారు భావనారాయణను గదిలోకి పిలిచారు. టైపు చేసిన రిలీవింగ్ ఆర్డరు బల్ల మీద ఉంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు.

"తీగల భావనారాయణ ఇక్కడ ఉండటానికి లేదు" అన్నారు ఈవో గారు మెల్లగా. "తీగల స్పీకరు ఇక్కడి నుంచి కదలటానికి లేదు. రెండూ ఉత్తర్వులే."

"ఇప్పుడు నేనేం చెయ్యాలండీ?"

"నువ్వు చెయ్యవలసిందేమీ లేదు. నువ్వు ఇకపై పరికరానివి. సిబ్బంది వేరు, సామగ్రి వేరు. సామగ్రిలో తీగల ఉండవచ్చు, మేడం గారి అనుమతి ఉన్నది."

ఆ కబురు విని అలివేలు గుడికే వచ్చేసింది. "పరికరమంటే సెలవులుండవంట కదండీ? రేపు ఈయనకి జలుబు చేస్తే ఏం చేస్తారు?"

"సర్వీసింగ్‌కి పంపిస్తాం తల్లీ."

"ఎక్కడికి?"

"మీ ఇంటికే."

అప్పటికి ఆవిడ శాంతించింది. దేవస్థానం తరఫున పరికరానికి రోజూ ఒక గ్లాసు మిరియాల పాలు మంజూరయ్యాయి. మేడం గారు చెప్పిన గరగర నిమిత్తం.

స్తంభానికున్న నల్ల స్పీకరు అలాగే ఉంది. కంప్యూటరు ఆఫీసు గదిలోకి వెళ్ళిపోయింది. సన్నజాజి మొదలు నుంచి వానకు రెండు చిగుళ్ళు వచ్చాయి. అవి తీగలవుతాయా మొక్కలుగానే ఆగుతాయా అని ఈవో గారు మండలికి రాసి, జవాబు కోసం చూస్తున్నారు. కేశవాచార్యులు గారు మాత్రం వాటికి రోజూ నీళ్ళు పోస్తున్నారు. విడి లడ్డు సంగతి, వీణ సంగతి ఇంకా తేలలేదు.

ఈవో గారికి ఇప్పుడు తెల్లవారుజామునే వచ్చే అలవాటైంది. పరికరం పనిచేస్తున్నదీ లేనిదీ స్వయంగా చూసుకోవాలని మేడం గారి ఆదేశం. ఆయన ఆఫీసు గుమ్మంలో నిలబడి, చీకట్లో స్తంభం వైపు ఒక కేక వేస్తారు.

"భావనారాయణా! కనెక్టయ్యావా?"

లోపల తలుపు గడియ తీస్తున్న చప్పుడు. ఆవు మెడలో గంట కదులుతుంది. భావనారాయణ చేతులు జోడించుకుని గర్భగుడి వైపు తిరుగుతాడు.

"అయ్యానండీ."

ఎవరితో అని ఈవో గారు ఇప్పటిదాకా అడగలేదు.